అద్దాలు మూసిన పొడుగు కారు

కృపానందం భార్యను కారులో పెట్టి తాళం వేస్తాడని కూరెకుప్పలో చెప్పుకునేవారు. రోడ్డు పక్కన టీ హోటలు నడిపే పంపాపతి ఈ మాటను వచ్చే పోయే లారీ డ్రైవర్లకు టీతో పాటు అందించేవాడు. పొద్దున లారీలు మొదలవగానే ఆమెను లోపల కూర్చోబెడతాడనీ, పొద్దుగూకేదాకా బయటికి రానివ్వడనీ, అద్దాల సందుల్లో గుడ్డలు కుక్కాడనీ, ఆమె అన్నం కూడా అందులోనే తింటుందనీ చెప్పేవాడు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే గొంతు తగ్గించి, ‘‘ఆయమ్మ మీద అనుమానమంటప్పా’’ అనేవాడు. ఆయన భార్య కృపమణికి అప్పటికే యాభై దాటాయి. ఆ సంగతి ఎవరికీ అడ్డం రాలేదు.

పంపాపతి చెప్పినవాటిలో చాలావరకు కంటికి కనిపించేవే. మా ఇంటి పెరటి తలుపు తెరిస్తే ఎదురుగా వాళ్ల కారే ఉండేది. వెనక అద్దం మీద ఆమె తల ఆనిన చోట నూనె మరక పడింది. ఆమె నన్ను చూసి ఏదో అనేది. పెదాలు కదలడం కనిపించేది గానీ మాట వినపడేది కాదు.

అది మామూలు కారు కాదు. డిక్కీ ఉండాల్సిన చోటికి కూడా కప్పు సాగి, వెనక తలుపు పైకి లేచే పొడుగు కారు. మిషన్ ఆసుపత్రి నడిచిన రోజుల్లో నర్సమ్మలు అందులో పల్లెలు తిరిగేవాళ్లు. నడవలేని మనిషిని పడుకోబెట్టి తేవడానికి వెనక చోటుండేది. కృపమణి ఆ ఆసుపత్రిలో ఆయా. కాన్పులకు పోయేటప్పుడు ఎన్నోసార్లు అందులో తిరిగింది. ఆసుపత్రి మూతపడ్డాక కారు పాత ఇనుముకు పోవలసి ఉంటే, అక్కడ నీళ్ల మోటార్లు చూసుకునే కృపానందం అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆయనకు మోటార్లు తెలుసు గానీ కార్లు తెలియవు. పాడైన చోటల్లా విప్పి, చూసి, తిరిగి బిగించి నేర్చుకున్నాడు. మొదటిసారి కార్బురేటరు విప్పి బిగించాక గుడ్డ మీద ఒక స్ప్రింగు మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఎంత వెతికినా తెలియలేదు. కారు మాత్రం స్టార్టయింది. ఆ స్ప్రింగును గోడకు మేకు కొట్టి తగిలించాడు. కృపమణి వచ్చినవాళ్లకు దాన్ని చూపించి, ఇది మా కారుకు అక్కరలేని సామాను అని నవ్వేది.

అవి మన్నుకు ధర వచ్చిన ఏళ్లు. కొండలు తవ్విన ఎర్రటి ఇనుప మన్ను లారీలకెత్తి రేవులకు పంపేవాళ్లు. మా ఊరి రోడ్డు మీద ఒక లారీ వెనక ఒకటి, తోక పట్టుకున్నట్టు పోయేవి. అన్నం మీద, ఆరేసిన బట్టల మీద, పసిపిల్లల కనురెప్పల మీద ఎర్రటి ధూళి. హైస్కూలు రోడ్డుకు అవతల ఉండేది. ఒక పిల్ల లారీ కింద పడ్డాక మా అమ్మ నన్ను మాన్పించింది. అప్పటినుంచి నేను పగలంతా ఇంట్లోనే. ఆ కారును చూసినంతగా ఏ పుస్తకాన్నీ చూడలేదు.

కృపమణికి దగ్గు ఆ ధూళితోనే మొదలైంది. మొదట రాత్రిళ్లు, తర్వాత పగలూ. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేది. బళ్లారి డాక్టరు ఎక్స్‌రే చూసి, మందు సగం పనే చేస్తుందని చెప్పాడు. చలి ముదిరేలోపల ఆమెను ధూళి లేని చోటికి చేర్చాలని, ఈ ఊళ్లో ఇంకో చలికాలం గడిపితే ఊపిరితిత్తులు నిలవవని అన్నాడు. ఆమె చెల్లెలు లోయిస్ కెంచనగుడ్డలో ఉంటుంది. తుంగభద్ర పక్కన వరిమళ్ల ఊరు. ఎప్పుడు పంపినా చూసుకుంటానని లోయిస్ కబురు చేసింది.

అక్కడికి చేరడమే కష్టమైంది. ఊళ్లో ఉన్న జీపులూ కార్లూ అన్నీ గనుల వాళ్లకు బాడుగకు పోయాయి. మామూలు మనుషులను తీసుకెళ్లేవాళ్లు లేరు. ఒకసారి బస్సెక్కించాడు. బస్సు కిటికీలకు అద్దాల్లేవు. లారీల మధ్య ఆగిపోయిన బస్సులో ఆమె పెదాలు నీలంగా మారాయి. దారిలోనే దించి, చెంగు ముఖానికి కప్పి వెనక్కి నడిపించుకొచ్చాడు.

మిగిలింది ఆ కారే. అది బాగయ్యేదాకా ఆమెను అందులో కూర్చోబెట్టాడు. వాళ్లది రేకుల ఇల్లు. రేకుకూ గోడకూ మధ్య సందుల్లోంచి ధూళి రాలుతూనే ఉండేది. కారు అద్దాలు ఎత్తి, సందుల్లో తడిగుడ్డలు కుక్కితే లోపలికి ధూళి రాదు. అందులో ఆమె కూరగాయలు తరిగేది, రవికలకు కాజాలు కుట్టేది, బైబిలు చదువుకునేది. దగ్గు తగ్గేది. ఉక్కపోతకు వీపంతా చెమట పేలినా కారు దిగాలంటే భయపడేది.

వానలు వెనకబట్టాక మొదటిసారి బయలుదేరారు. పొద్దున వెళ్లిన కారు మధ్యాహ్నానికి ఒక మన్ను లారీ వెనక తాడు కట్టించుకుని తిరిగొచ్చింది. ఆ లారీ నడిపేది తిప్పేస్వామి. పంపాపతి హోటలు ముందు ఆపి దిగాడు.

‘‘ఏమప్పా కృపానందం, మా లారీ ఎనకాల నీ కారు బాగా నడుస్తాండాది. ఇట్లే బళ్లారికి పోదామా?’’ అన్నాడు.

హోటల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. కృపానందం బానెట్ ఎత్తి నిలబడ్డాడు. ముందు రేడియేటరు ఉడికిందని, నీళ్లు పోసి చల్లార్చాక కూడా కారు కదలలేదని చెప్పాడు. తిప్పేస్వామి తొంగిచూసి, లారీల మధ్య నిలబెట్టి ఇంజను తిప్పితే ఆ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుందని, ఇంజనుకు చేరదని చెప్పాడు. తడిగుడ్డ తీసి ఇంజను పక్కనున్న పెట్రోలు పంపు మీద వేసి కాసేపు ఆగమన్నాడు. వేశాక కారు స్టార్టయింది. లోపల కృపమణి చేతులు జోడించింది. తిప్పేస్వామి సిగ్గుపడి లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

రేడియేటరు ఉడకడానికి కారణం కృపానందమే. ముందు వైపు నుంచి నీళ్లు కొట్టి కడిగేవాడు. దాని రేకుల మధ్య ఇరుక్కున్న మన్ను తడిసి, లోపలికి పోయి, ఆరి ఇటుకలాగా గట్టిపడింది. గాలి పోయే దారే లేదు. ఈసారి విప్పి నేల మీద పెట్టి, ఇంజను వైపు నుంచి ముందుకు నీళ్లు పోసి, చీపురుపుల్లతో ఒక్కొక్క సందూ గీకాడు. ఎర్రటి బురద వాకిలి దాటి మా గడప దాకా పారింది. మా అమ్మ బూడిద పోసి ఊడ్చింది.

రెండోసారి నన్ను తోడు రమ్మన్నారు. వెనక సీట్లో ఆమె పక్కన కూర్చుని నీళ్లందించాలి. ఈసారి కృపానందం ధూళికి ఏ సందూ వదలలేదు. వెనక అద్దాల అంచులన్నీ మైదా జిగురుతో కాగితాలు అంటించి మూశాడు. వెనక తలుపు చుట్టూ గుడ్డలు కుక్కాడు. లోపల మైదా వాసన, పెట్రోలు వాసన.

రైల్వే గేటు దగ్గర లారీలు ఆగాయి. మాకు ముందొకటి, వెనకొకటి, అటొకటి, ఇటొకటి. కారులోంచి వాటి చక్రాలు తప్ప ఏమీ కనిపించేవి కాదు. ఇంజను ఆపితే మళ్లీ స్టార్టు కాదేమోనని ఆయన ఆపలేదు. కాసేపటికి నాకు నిద్ర ముంచుకొచ్చింది. కృపమణి తల పట్టుకుంది. తర్వాత నేను తెచ్చిన గిన్నెలో కక్కుకుంది. కృపానందం వెనక్కి తిరిగి చూసి, ధూళి వస్తోందని తన పక్క అద్దం కూడా పైకెత్తాడు.

‘‘అద్దం దించు’’ అంది ఆమె.

‘‘దుమ్ము వస్తాదే. స్వల్ప ఓర్చుకో. గేటు తీస్తాండారు.’’

ఆమె తన వైపు తలుపు తెరిచింది. తలుపు బెత్తెడు తెరుచుకుని లారీ చక్రానికి తగిలి ఆగింది. దిగడానికి చోటు లేదు. ఆ బెత్తెడు సందులో ముఖం పెట్టి పీల్చింది. బయట ఏమీ కనిపించనంతగా ఎర్రటి ధూళి. ఆమె పీల్చింది, దగ్గింది, మళ్లీ పీల్చింది. నేను కూడా ఆమె భుజం మీదుగా ముఖం చాచాను. తల మీది బరువు మెల్లగా దిగింది. కృపానందం వద్దు వద్దంటూనే ఉన్నాడు. గేటు తెరిచాక లారీలు కదిలిన సందులో కారు తిప్పి ఇంటికి తెచ్చాడు.

పంపాపతి ఇప్పుడు ఇంకో మాట కలిపాడు. కృపానందం భార్యను కారులో ఊపిరాడకుండా చంపబోయాడట, ఆమె తలుపు తోసుకుని అరిచిందట. కృపానందం హోటలు ముందు నుంచి పోవడం మానుకున్నాడు. కారు బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టాడు. ఈ కారే నిన్ను చంపుతుంది, ఇక నిన్ను ఎక్కడికీ తీసుకెళ్లనని చెప్పేశాడు. గాలి పొద్దున్నే చల్లగా తగులుతున్న రోజులవి. ఆయన రోజంతా అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. పొలాలు ఇనుప మన్ను రాశులు పోసుకోవడానికి గనుల వాళ్లకు పోయాయి కాబట్టి మోటార్లు బాగుచేయమని వచ్చేవాళ్లు కూడా తగ్గారు.

కృపమణి మాత్రం ఎప్పటిలాగే కారులో కూర్చునేది. కాగితాలు మాత్రం చింపించింది. సందుల్లో కుక్కిన గుడ్డలన్నీ తీసి ఉతకమని నాకిచ్చింది. బకెట్లో వేస్తే నీళ్లు ఎర్రగా మారాయి. అన్నిట్లో ఒక్క గుడ్డ మాత్రం నల్లగా ఉంది. సబ్బు పెట్టినా మసి వదల్లేదు. దాన్ని తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాను. అది వెనక తలుపు కింది అంచులో కుక్కిన గుడ్డ.

ఆమె దాన్ని వాసన చూసింది. భర్తను పిలిచింది.

‘‘మన ఊర్లో అన్నీ ఎర్రగయితాయి. ఇది నల్లగా యాల అయినాది?’’

ఆయన గుడ్డను చేతిలోకి తీసుకున్నాడు.

‘‘నేను దినామూ ఈ కార్లోనే కూచుంటాండా గదా’’ అంది ఆమె. ‘‘కారు నిలబడుంటే నాకేమీ కాదు. ఇంజను తిరిగితేనే తల పట్టుకుంటాది. దుమ్మయితే దగ్గొస్తాది. ఆ పొద్దు తలుపు తీసేదాకా నాకు దగ్గు రాలేదు. బయట దుమ్ము పీలిస్తే బతికినా. ఎనక చూడు పో.’’

కృపానందం గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాడు. చాలాసేపు కాళ్లు మాత్రం కనిపించాయి. సైలెన్సరు అతుకు దగ్గర తుప్పు తిని వేలు దూరేంత బొక్క పడింది. పొగ గొట్టం చివర వెనక తలుపు కిందే ఆగిపోయింది. ఆ తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఎండి పెంకులా ఊడుతోంది. మిగిలిన కిటికీలన్నీ గాలి చొరకుండా మూసేసరికి, లోపలికి గాలి వచ్చేందుకు ఆ వెనక సందు ఒక్కటే మిగిలింది. గాలితో పాటు పొగ.

బయటికొచ్చి ఆమె తలుపు పక్కన నేల మీద కూర్చున్నాడు. ‘‘నేనే నీకు పొగ పెట్టినా’’ అన్నాడు.

‘‘దుమ్ముకు భయపడి పెట్టినావు. ఇప్పుడు తీసెయ్యి.’’

నూనె డబ్బా రేకు కత్తిరించి సైలెన్సరు బొక్క మీద చుట్టి, పైపులకు బిగించే క్లిప్పులతో బిగించాడు. బోరు వేసినప్పుడు మిగిలిన ఇనుప పైపు ముక్కను పొగ గొట్టానికి తొడిగి, వెనక తలుపు దాటి పక్కకు తిరిగేలా పెట్టాడు. సైకిలు ట్యూబు నిలువుగా చీల్చి తలుపు చుట్టూ రబ్బరుగా అంటించాడు. ముందు వైపు చిన్న కిటికీ మాత్రం తెరిచే ఉంచి, దానికి తడి చీర ముక్క రెండు మడతలు కట్టాడు. వచ్చే గాలి ఏదో ముందు నుంచి రావాలి. బ్యాటరీ బిగించి ఇంజను తిప్పి, వెనక తలుపు అంచులో తెల్ల గుడ్డ పెట్టి చూశాడు. సాయంత్రానికి కూడా గుడ్డ నల్లబడలేదు. ఆ గుడ్డను ఆమె చేతికిస్తే, ఆమె రెండు వైపులా తిప్పి చూసి తల ఊపింది.

కారు బాగైంది గానీ రోడ్డు అలాగే ఉంది. లారీల మధ్య ఇరుక్కుంటే రేడియేటరు మళ్లీ ఉడకవచ్చు. ఆయన మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు తిప్పేస్వామి వచ్చి, ఆయుధపూజ రోజు పోతావా అని అడిగాడు. ఆ రోజు ఏ డ్రైవరూ లారీ తీయడు. కడిగి, పూలు కట్టి, పూజ చేసి, తాగి పడుకుంటారు.

‘‘ఆ దినం రోడ్డు నీదేప్పా. మర్నాడు మాది’’ అన్నాడు.

ఆయుధపూజ పొద్దున లారీలన్నీ రోడ్డు వారగా నిలబడి ఉన్నాయి. అరటి పిలకలు, బంతిపూల దండలు, అద్దాల మీద పసుపూ కుంకుమా. పగలగొట్టిన గుమ్మడికాయల ముక్కలు రోడ్డంతా. వాటి మీద చక్రం జారకుండా కృపానందం మెల్లగా నడిపాడు. హోటలు ముందు తిప్పేస్వామి అడ్డం వచ్చి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కృపానందం కారు ఆపేశాడు. మేము చర్చికి పోయేవాళ్లం కదప్పా అని నసిగాడు.

‘‘తొక్కించు పో’’ అంది వెనక నుంచి కృపమణి. ‘‘మనమెవరో నిమ్మకాయకేం తెలుసు?’’

పంపాపతి కూడా నవ్వాడు. కారు నిమ్మకాయలు తొక్కి ముందుకు పోయింది.

రైల్వే గేటు తెరిచే ఉంది. బళ్లారి దాటేదాకా ఎక్కడా ఆగలేదు. నేను బళ్లారి దాటడం అదే మొదలు. రూపనగుడి దగ్గర ఇంజను దగ్గి ఆగింది. ఎండ ఎక్కింది. ఇక్కడ ఆగిపోతే రేపటికి రోడ్డు మూసుకుపోతుంది. పక్క పొలంలో మోటారు నడుస్తుంటే నేను పరుగెత్తి తువ్వాలు తడిపి తెచ్చాను. ఆయన దాన్ని పెట్రోలు పంపు మీద చుట్టాడు. ట్రాక్టర్ల వాళ్లు కారును చూస్తూ పోయారు. తువ్వాలు ఆరాక తాళంచెవి తిప్పాడు. రెండుసార్లు ఒట్టిదే. మూడోసారి అందుకుంది. కృపమణి కళ్లు మూసుకుని ఉంది. వెనక తలుపు అంచులో మళ్లీ పెట్టిన తెల్ల గుడ్డ నల్లబడిందా అని నేను మాటిమాటికీ తిరిగి చూశాను. నల్లబడలేదు.

కెంచనగుడ్డలో గాలికి తడి వాసన. లోయిస్ పరుగున వచ్చి అక్కను పట్టుకుంది. కృపమణి వరిమడి గట్టు మీద కూర్చుని, ముఖం మీది చెంగు తీసేసి, చాలాసేపు దగ్గింది. తర్వాత ఊపిరి తీసుకుంది. అక్కడికి రాగానే జబ్బు నయమైందని నేను చెప్పను. కానీ ఆ ఊపిరికి గురక లేదు.

లోయిస్ అన్నం పెట్టి, బావా ఈ రాత్రికి ఉండి పొమ్మంది. ఉండడానికి లేదు. తెల్లారితే లారీలు కదులుతాయి, వాటి మధ్య కారు ఇంటికి చేరడం కుదరదు. వచ్చిన ఘడియకే ఆయన లేవవలసి వచ్చింది. ఇల్లు అమ్మితే మన్ను రాశుల వాళ్లే కొనాలి, వాళ్లకు అమ్మడానికి ఆయనకు మనసొప్పలేదు. అందుకని ఆమె అక్కడ, ఆయన ఇక్కడ. కారు మళ్లీ అక్కడికి పోవాలంటే లారీలు ఆగే ఇంకో దినం రావాలి.

కృపమణి కారు దగ్గరికి వచ్చి ముందు కిటికీలోంచి, ‘‘అద్దాలు దించుకొని పో. దుమ్ము కడుక్కోవచ్చు’’ అంది. ఆయన అద్దాలు దించాడు. చీకటి పడేలోపల ఊరు చేరాము. మర్నాడు పొద్దున లేచేసరికి రోడ్డు మీద లారీలు ఎప్పటిలాగే ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉన్నాయి.

వెనక సీటు ఖాళీగా ఉండడం పంపాపతి చూశాడు. కృపానందం ఆమెను ఇప్పుడు ఇంకెక్కడో పెట్టి తాళం వేశాడని చెప్పసాగాడు. వినేవాళ్లు విన్నారు.

ఆ కారు వెనక సీటు పక్క తలుపులకు తాళాలు లేవు. ఆసుపత్రి రోజుల్లోనే అరిగిపోతే కృపానందం వాటిని బయటి పిడులతో సహా విప్పేసి, లోపలి వైపు పెట్టెలకు వేసే చిన్న గడియలు బిగించాడు. మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు ఆయన అద్దం మీద తట్టి నిలబడేవాడు. ఆమె గడియ తీస్తేనే తలుపు తెరుచుకునేది.